పొగ తగ్గలేదు, లెక్క తగ్గింది

2009 అక్టోబర్ 17న మాల్దీవుల మంత్రివర్గం సముద్రం అడుగున కూర్చుంది. కట్టుకథ కాదు, నిజం. అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్, ఆయన మంత్రులు ఈత దుస్తులు తొడుక్కున్నారు. వీపుకు గాలి సిలిండర్లు కట్టుకున్నారు. నీళ్లలోనే సంతకాలు పెట్టారు. పొగ తగ్గించండి, లేకుంటే మా దేశం మునుగుతుందని ప్రపంచానికి మొరపెట్టుకున్నారు. చేపలు సాక్ష్యం. కెమెరాలు అంతకంటే పెద్ద సాక్ష్యం. పదేళ్లలో మా దేశాన్ని కార్బన్ న్యూట్రల్ చేస్తామని అదే ఏడాది మాట కూడా ఇచ్చారు.

ప్రపంచం కళ్లు తుడుచుకుంది. చప్పట్లు కొట్టింది. ఇంటికి పోయింది.

తర్వాతేమైంది? ఏడాది తిరగలేదు. 2010 జూన్‌లో అదే ప్రభుత్వం మాలే విమానాశ్రయాన్ని పెంచి కట్టే కాంట్రాక్టు రాసిచ్చింది. ఎవరికి? మనవాళ్లకే. రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్‌కు, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌తో జోడీగా. పాతికేళ్ల లీజు. సుమారు 50 కోట్ల డాలర్ల పని. నీళ్ల కింద ఉన్నప్పుడు పొగ వద్దన్నారు. ఒడ్డుకొచ్చి తల తుడుచుకోగానే ఇంకిన్ని విమానాలు కావాలన్నారు. గిదేం కత?

2012లో ప్రభుత్వం మారింది. నవంబరులో కాంట్రాక్టు రద్దయింది. పర్యావరణం కోసమేమో అనుకునేరు! అంత అమాయకులైతే ఎట్లా? ప్రయాణికుడి మీద వేసే చార్జీ గురించి లొల్లి. కాంట్రాక్టు చెల్లుతుందా చెల్లదా అని లొల్లి. చివరికి 2016లో మధ్యవర్తుల తీర్పు వచ్చింది. మాల్దీవులు సుమారు 27 కోట్ల డాలర్లు చెల్లించుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బుతో ఎన్ని దీవులకు సోలార్ పలకలు బిగించొచ్చో అడక్కండి. అడిగితే మంత్రివర్గం మళ్లీ నీళ్లలో దూకుతుంది.

పదేళ్ల గడువు దాటిపోయింది. కార్బన్ న్యూట్రల్ రాలేదు. కొత్త గడువు మాత్రం వచ్చింది. ప్రపంచం సాయం చేస్తే 2030 కల్లా నెట్ జీరో అని 2020లో అన్నారు. ఈలోగా పర్యాటకులు? 2009లో ఆరున్నర లక్షలు. 2024లో 20 లక్షల పైన. దేశ జనాభా చూస్తే 5 లక్షలకు అటూ ఇటూ. కరెంటు చూస్తే ఇప్పటికీ ప్రధానంగా డీజిల్ జనరేటర్లే. విమానాశ్రయం నుంచి రిసార్టుకు పోవడానికి నీటి మీద వాలే చిన్న విమానాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సీప్లేన్ల దండు అక్కడిదే. మునిగిపోతున్న దేశాన్ని చూడటానికి మూడు విమానాలు మారి పోవడం, దాన్ని ఇంకొంచెం ముంచి రావడం. దీన్ని బాధ్యతాయుత పర్యాటకం అంటారట. సిగ్గుండాలె.

ఇంతకీ ఆ విమానాల పొగ ఎవరి ఖాతాలో రాస్తారు? అసలు మాయ ఇక్కడుంది. ప్యారిస్ నుంచి మారిషస్‌కు సుమారు 9,400 కిలోమీటర్లు. విమానం దారి పొడవునా పొగ వదులుతుంది. ఫ్రాన్స్ మొత్తం లెక్కలో అది ఉండదు. మారిషస్ మొత్తం లెక్కలోనూ ఉండదు. అంతర్జాతీయ విమానాల ఇంధనాన్ని ఏ దేశం మొత్తంలోనూ కలపకూడదని ఐక్యరాజ్యసమితి లెక్కల పద్ధతి. పక్కన విడిగా ఓ వరుసలో రాసి వదిలేస్తారు. స్వర్గానికీ చెందదు, భూమికీ చెందదు. త్రిశంకుడికి తోడు దొరికింది.

మరి ఎవరూ పట్టించుకోరా? పట్టించుకుంటారు. 1997లో క్యోటో వాతావరణ ఒప్పందంలో ఈ బాధ్యతను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ ఆలోచించింది. ఆలోచించింది. ఇంకా ఆలోచించింది. 19 ఏళ్లకు, 2016లో, కోర్సియా అనే పథకం తెచ్చింది. విమానాలు తగ్గించాలా? అబ్బే. 2019 నాటి పొగలో 85 శాతం వరకు ఎవరినీ ఏమీ అనరు. అది ఉచితం. ఆ పైన వదిలిన దానికి ఎక్కడో ఎవరో చెట్లు కాపాడినట్టు పత్రాలు కొనుక్కుంటే చాలు. తప్పు చేయి, రసీదు తీసుకో.

ఇది చిన్న పొగ కాదు. 2018లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో అచ్చయిన అధ్యయనం ప్రకారం ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు 8 శాతం పర్యాటకానిదే. మాల్దీవులు, మారిషస్, సీషెల్స్ లాంటి చిన్న దీవుల్లో విదేశీ పర్యాటకం వాటా 30 నుంచి 80 శాతం దాకా ఉంటుందని అదే అధ్యయనం తేల్చింది. అంటే ఇంట్లో పొగ సగం చుట్టాల వల్లే. కానీ చుట్టాల పొగ లెక్కలో రాయొద్దు. బాగుంది కదా?

మహబూబాబాద్ జిల్లా తొర్రూరులో కూసొని ఎక్కడో దీవుల మీద పడ్డవేందని అడుగుతారు. అడగండి. చెప్తాను. మొదటి కారణం మారిషస్. అది పరాయి దేశం కాదు. 1830ల నుంచి మన తెలుగువాళ్లను కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కించి చెరకు తోటల్లో కూలీకి పట్టుకుపోయారు. అక్కడ వాళ్ల పేరే కోరంగివాళ్లు. వాళ్ల ముని మనవలు 1947లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది అక్కడ జాతీయ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. మన నాయకులు విమానమెక్కి పోయి తెలుగు తల్లికి దండలేసి వచ్చారు. ఆ చెరకు తోటలకు ఏమైందో ఎవరైనా అడిగారా?

అడగాల్సింది. ఎందుకంటే మారిషస్ పచ్చ కరెంటు ఎక్కువగా పుట్టేది ఆ చెరకులోంచే. గానుగ ఆడాక మిగిలిన చెరకు పిప్పిని మండించి కరెంటు తీస్తారు. మంచి పద్ధతే. ప్రపంచం మెచ్చుకుంది. కానీ చెరకు ఏడాది పొడవునా నరకరు కదా? సీజన్ అయిపోగానే అదే ఫ్యాక్టరీలో, అదే బాయిలర్‌లో బొగ్గు పోస్తారు. ఎక్కువగా దక్షిణాఫ్రికా బొగ్గు. సీజన్‌లో పచ్చ, సీజన్ దాటితే నలుపు. ఫొటో మాత్రం సీజన్‌లోనే తీస్తారు.

అంతటితో ఆగితే సరే. 2002లో విదేశీయులకు సముద్రపు ఒడ్డున విల్లాలు అమ్మే పథకం పెట్టారు. తర్వాత స్మార్ట్ సిటీలన్నారు. ఆ విల్లాలు ఎక్కడ లేచాయి? చాలావరకు చక్కెర ఎస్టేట్ల భూముల్లోనే. చెరకు తగ్గింది. పిప్పి తగ్గింది. పచ్చ కరెంటుకు పునాది తగ్గింది. విల్లాలో ఏసీ, ఈత కొలను, గోల్ఫ్ మైదానం పెరిగాయి. అవి నడవడానికి కరెంటు కావాలి. కరెంటుకు బొగ్గు కావాలి. ఇప్పుడు చెప్పండి, ఆ విల్లా బ్రోచర్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఎవరు వేశారు?

వాగ్దానాలకు మాత్రం కొదవ లేదు. 2008లో ప్రధాని నవీన్ రాంగులాం ‘మారిస్ ఇల్ దురాబ్ల్’ అనే ఘనమైన కల ప్రకటించారు. మారిషస్‌ను నిలకడైన దీవిగా మారుస్తామన్నారు. 2025 నాటికి కరెంటులో 35 శాతం పునరుత్పాదక వనరుల నుంచే అన్నారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ మాట మరచి ఇంకా పెద్ద మాట ఇచ్చింది. 2030కి 60 శాతం, బొగ్గు పూర్తిగా బంద్. 2024 నవంబరులో రాంగులాం గారే మళ్లీ గద్దెనెక్కారు. ఈ మధ్య పునరుత్పాదక కరెంటు వాటా ఎంత? ఇరవై శాతం దాటడానికే తంటాలు. 35 అందలేదు కాబట్టి 60 అన్నారు. పదో క్లాసు ఫెయిలైనోడు ఐఏఎస్ రాస్తానంటే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? నవ్వుతారు. ప్రభుత్వం రాస్తానంటే? ఫైలు తెరుస్తారు. సలహాదారును పెడతారు. విదేశీ సదస్సుకు టికెట్లు బుక్ చేస్తారు.

ఆ 2030 లక్ష్యంలో ఇంకో చమత్కారముంది. ఉద్గారాలను 40 శాతం తగ్గిస్తామని 2021లో రాసిచ్చారు. దేనితో పోలిస్తే? ఇప్పటి పొగతో కాదు. ఏమీ చేయకపోతే 2030లో ఎంత పొగ వచ్చేదో అంచనా వేసి, దానిలో 40 శాతం. ముందు అంచనా పెంచు, తర్వాత దాన్ని తగ్గించు. నేను నెలకు పది సినిమాలు చూడాల్సినోణ్ని, ఆరే చూశాను, నాలుగు టికెట్ల పైసలు మిగిల్చానంటే మీ ఇంటావిడ ఒప్పుకుంటుందా?

నవ్వకండి, మనమూ తక్కువ తినలేదు. 2005తో పోలిస్తే 2030కి 45 శాతం తగ్గిస్తామని భారతదేశం కూడా మాటిచ్చింది. పొగను కాదు. ఒక్కో రూపాయి ఆదాయానికి ఎంత పొగ అనే దామాషాను. రూపాయలు పెరుగుతూ పోతే పొగ పెరిగినా మాట నిలబెట్టుకున్నట్టే. నెట్ జీరో 2070లో అట. మాటిచ్చిన మంత్రుల్లో అప్పటికి ఎందరు ఉంటారో లెక్కేయండి. జవాబు చెప్పేటోడు లేని ఏడాది చూసి పెట్టిన గడువు అది.

ఇక దీవుల రిసార్టులకు వద్దాం. గదిలో అడుగుపెట్టగానే మంచం మీద కార్డు. భూమాతను కాపాడేందుకు మీ తువ్వాలు రేపు కూడా వాడుకోండి. ఎంత ముద్దుగా ఉందో! ప్లాస్టిక్ స్ట్రా తీసేసి వెదురు స్ట్రా. ఆహా. బయట కంటికి కనిపించినంత మేర సముద్రం. దాని పక్కనే మంచినీటి ఈత కొలను. ఆ నీళ్లు ఎక్కడివి? సముద్రం నీటిని కరెంటు పెట్టి శుద్ధి చేసినవి. కరెంటు? డీజిల్‌ది. పళ్లెంలో ఆపిల్? విమానంలో వచ్చింది. కానీ తువ్వాలు మాత్రం ఉతకొద్దు. భూమాత ఏడుస్తుంది.

పన్నులూ వేస్తున్నారండీ. మాల్దీవుల్లో గ్రీన్ ట్యాక్స్ ఉంది. 2025 జనవరి నుంచి పెద్ద హోటళ్లలో తలకు రాత్రికి 6 డాలర్ల నుంచి 12 డాలర్లు చేశారు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కొంచెం ఆగి లెక్కేయండి. పన్ను రాత్రికి. పొగలో పెద్ద భాగం విమానానిది. ఒక్కసారి వచ్చి నెల రోజులుండి పోయేవాడి విమానపు పొగ ఒక్క ప్రయాణానిదే. కానీ వాడు ముప్పై రాత్రుల పన్ను కట్టాలి. మూడు రాత్రులకు రయ్యిన వచ్చి రయ్యిన పోయేవాడు మూడు రాత్రులది కడితే చాలు. రీల్ తీసుకోవడానికి వచ్చినోడికి రాయితీ, నిదానంగా ఉండిపోయినోడికి జరిమానా. ఇట్లాంటి పన్నును పొగ తగ్గించడానికి వేశారంటే మీరు నమ్ముతారా?

అసలు విమాన ఇంధనం మీదే పన్ను వేయొచ్చు కదా? వేయరు. అంతర్జాతీయ విమానం నింపుకునే ఇంధనానికి దాదాపు ప్రపంచమంతటా మినహాయింపే. 1944 నాటి చికాగో ఒడంబడికతో దారి పడింది. తర్వాత దేశాల మధ్య ఒప్పందాలు దాన్ని బిగించాయి. ఇప్పుడు తొర్రూరు బంకు దగ్గరికి రండి. అన్నారం అడ్డా మీద ఆటో నడుపుకునే తమ్ముడు డీజిల్ పోయించుకుంటాడు. దాని మీద రాష్ట్ర వ్యాట్ 27 శాతం. స్కూటీ మీద బిడ్డను బడికి తీసుకుపోయే అక్క పెట్రోలు పోయించుకుంటుంది. దాని మీద 35.2 శాతం. కేంద్రం సుంకం వేరే. హనీమూన్‌కు మాలే పోయే విమానానికి? మాఫీ! తక్కువ పొగ వదిలేటోడు పన్ను కడతాడు, ఎక్కువ పొగ వదిలేది ఎగిరిపోతది. గిదీ న్యాయం.

శంషాబాద్ విమానాశ్రయానికి కార్బన్ న్యూట్రల్ గుర్తింపు ఉంది. దండం పెట్టుకోవాలి. అక్కడి దీపాలు, ఏసీలు, సొంత బండ్ల పొగకు లెక్క సరిపెడతారు. మరి అక్కడి నుంచి లేచిన విమానం ఆకాశంలో వదిలే పొగ? సరిపెట్టాల్సిన లెక్కలోకి అది రాదు. కల్లు దుకాణంలో బెంచీలు మంచినీళ్లతో కడుగుతున్నారు కాబట్టి అక్కడ ఎవరూ తాగట్లేదని సర్టిఫికెట్ ఇవ్వండి, సరిపోతుంది.

ఈ బాగోతానికి ఏటా ఒక జాతర కూడా ఉంది. కాప్ అనే వాతావరణ సదస్సు. 2023లో దుబాయ్‌లో జరిగింది. అధ్యక్షుడు ఎవరు? ఆ దేశపు చమురు కంపెనీకి అధిపతి. పదుల వేల మంది విమానాల్లో వచ్చారు. శిలాజ ఇంధనాల నుంచి మళ్లుదామని పెద్ద అక్షరాలతో తీర్మానం చేశారు. మళ్లీ విమానాలెక్కి పోయారు. చిన్న దీవుల ప్రతినిధులు మైకు ముందు గోడు వెళ్లబోసుకున్నారు. ఆ గోడుకు చప్పట్లు పడ్డాయి. పైసలు పడ్డాయా? మారిషస్ తన 2030 లక్ష్యానికి సుమారు 650 కోట్ల డాలర్లు కావాలంది. దాదాపు మూడింట రెండొంతులు బయటి నుంచి రావాలంది. ప్రపంచ పొగలో మారిషస్ వాటా 0.01 శాతం. పొగ పెట్టింది ఎవరు, ముక్కు మూసుకోవాల్సింది ఎవరు? పెద్ద దేశాలు ఈ ప్రశ్నకు జవాబుగా ఇంకో సదస్సు పెడతాయి.

దీవుల ప్రజలను తిట్టడం నా పని కాదు. వాళ్లకు పర్యాటకం షోకు కాదు, అన్నం. 2020లో కరోనాకు విమానాలు ఆగితే మారిషస్ ఆర్థిక వ్యవస్థ సుమారు 15 శాతం కుంగింది. హోటల్లో పక్కలు సర్దే తల్లిని పొగకు బాధ్యురాలిని చేసేవాడు మనిషి కాదు. ఆ ప్రజలేంటో అదే ఏడాది తెలిసింది. జూలై 25న వాకాషియో అనే జపాన్ ఓడ మారిషస్ తీరంలో పగడపు దిబ్బకెక్కింది. ఫోన్ సిగ్నల్ అందుతుందని తీరానికి దగ్గరగా తెచ్చారని దాన్ని అద్దెకు తీసుకున్న కంపెనీయే తర్వాత చెప్పింది. పన్నెండు రోజులు ఓడ అక్కడే. ప్రభుత్వం చూస్తూ కూర్చుంది. ఓడ పగిలింది. సుమారు వెయ్యి టన్నుల ఇంధనం సముద్రంలో కలిసింది. అప్పుడు జనం దిగారు. చెరకు ఆకులు సంచుల్లో కుక్కారు. తల వెంట్రుకలు కత్తిరించి ఇచ్చారు. అవన్నీ కలిపి నీటి మీద అడ్డుకట్టలు కట్టారు. మీ పని కాదు, పక్కకు జరగండని ప్రభుత్వం చెప్పింది. జనం వినలేదు. చెరకు కోయడానికి పట్టుకుపోయిన కూలీల వారసులు చెరకు ఆకుతోనే సముద్రాన్ని కాపాడబోయారు. మంత్రుల ఫైళ్లు మాత్రం అప్పుడు కూడా ఏసీ గదుల్లోనే ఉన్నాయి.

ఈ దీవుల గురించి అడగడానికి రెండో కారణం మన గుమ్మంలోనే ఉంది. ములుగు జిల్లా లక్నవరం చెరువు. కాకతీయుల కాలంలో పొలాలకు నీళ్లివ్వడానికి కట్టింది. దాని దీవుల మీద ఇప్పుడు కాటేజీలు. 2024 నవంబరులో మూడో దీవి కూడా తెరిచారు. పత్రికలు ఏమని రాశాయి? మినీ మాల్దీవులు! ఎన్నో దేశాలుండగా పోలిక దానితోనే పెట్టుకున్నాం. డీజిల్‌తో బతుకుతూ, మాట తప్పుతూ, మునిగిపోతున్న దేశమే మనకు ఆదర్శం. మంచిది. అన్నీ నేర్చుకుంటాం. మునగడం కూడా.

అది ఇప్పటికే మొదలైంది. అదే ములుగు జిల్లాలో, లక్ష్మీదేవిపేటలో, 2023 జూలైలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందెన్నడూ అంత వాన నమోదు కాలేదు. పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరే నీళ్లలో నిలబడింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలి వందల ఎకరాల్లో వేల చెట్లను కూల్చింది. మర్నాటికి మన మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో ఉయ్యాలలూగాయి. ఒక్క వానకు ఒక్క పొగను ముడిపెట్టలేమని శాస్త్రవేత్తలు జాగ్రత్తగా చెప్తారు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుందని, కుండపోతలు పెరుగుతాయని కూడా వాళ్లే చెప్తారు. మన నాయకులు మొదటి వాక్యం విని లేచిపోతారు.

మారిషస్‌లో ఒక పని జరిగింది. మెట్రో ఎక్స్‌ప్రెస్. మన దేశం గ్రాంటు ఇచ్చింది, మన ఎల్ అండ్ టీ కట్టింది. 2019లో ప్రారంభమైంది. జనం బండ్లు దిగి రైలెక్కే వీలొచ్చింది. పొగ నిజంగా తగ్గే మార్గం అంటే అది. సముద్రాల అవతల దీవికి రైలు కట్టిచ్చాం. వరంగల్‌కు మెట్రో నియో అన్నారు. కాగితం మీద నడుస్తోంది. తొర్రూరుకు రైలు? అడగొద్దు. రైలెక్కాలంటే బస్సో ఆటోనో పట్టుకుని మహబూబాబాద్ పోవాలి. మళ్లీ అదే డీజిల్, అదే 27 శాతం.

ఏం చేయాలో ఎవరికీ తెలియదా? అందరికీ తెలుసు. విమానపు పొగను బయల్దేరిన దేశం సగం, దిగిన దేశం సగం తమ లెక్కలో రాసుకోవాలి. పన్ను రాత్రికి కాదు, రాకపోకకు వేయాలి. విమాన ఇంధనానికి మాఫీ ఎత్తేయాలి. ఆ డబ్బు దీవుల సోలార్‌కు, బ్యాటరీలకు పోవాలి. చెరకు భూమిలో విల్లాలు ఆపాలి. పెద్ద దేశాలు అప్పు కాదు, బాకీ చెల్లించాలి. ఇందులో రాకెట్ సైన్సు ఏముంది? తెలివి తక్కువై ఆగలేదు. ఎవరి లాభమో తగ్గుతుందని ఆగింది.

ఈసారి ఏ నాయకుడైనా వేదికెక్కి ఇన్ని శాతం తగ్గిస్తామంటే చప్పట్లు కొట్టకండి. మూడే ప్రశ్నలు వేయండి. దేనితో పోలిస్తే తగ్గిస్తవ్? విమానం పొగ కలిపినవా? పోయినసారి ఇచ్చిన మాట ఏమైంది? జవాబు రాకపోతే ఆ శాతాన్ని ఓట్ల లెక్కలో తగ్గించండి. వాళ్లు నిజంగా భయపడే లెక్క అదొక్కటే.